దక్షిణం దిక్కు ఇంకో సూర్యుడు

పదకొండేళ్లు నేను పిల్లలకు ఒక తప్పు చెప్పాను.

ఎనిమిదో తరగతిలో నక్షత్రాల పాఠం ఒకటుంది. సిలబస్‌లో చివరి దిక్కు ఉంటుంది కాబట్టి ఏటా జనవరి దాటాకే దాని దగ్గరికి చేరతాం. ఆ పాఠం చెప్పే రోజు బోర్డు మీద ఒక సున్నా, దానికి దూరంగా ఇంకో సున్నా గీసేదాన్ని. "ఇది మన సూర్యుడు. ఇది ఆల్ఫా సెంటారి. అచ్చం సూర్యుడిలాంటి నక్షత్రాలలో మనకు అన్నిటికంటే దగ్గర్లో ఉన్నది ఇదే. కానీ దక్షిణాన మరీ కిందికి ఉంటుంది. మన దగ్గరి నుంచి కనబడదు" అని చెప్పేదాన్ని. పిల్లలు రాసుకునేవాళ్లు. నేను డిగ్రీ చదివేటప్పుడు కూడా ఎవరో అలాగే చెప్పారు, నేనూ అలాగే రాసుకున్నాను. ఎవరూ తల ఎత్తి చూసింది లేదు. కనీసం కాగితం మీద లెక్క వేసింది లేదు.

నేను పుట్టింది సిరిసిల్లలో. మా బాపు సాంచలు నడిపేవాడు. సాంచ అంటే మాకు మరమగ్గం. షెడ్డు మా ఇంటి వెనక గోడకు ఆనుకునే ఉండేది. బాపు చీకటి ఉండగా అందులోకి పోయేవాడు, చీకటి పడ్డాక బయటికి వచ్చేవాడు. ముప్ఫై ఏళ్ల పాటు ట్యూబ్‌లైట్ల కింద, నడుస్తున్న బట్టనే చూస్తూ గడిపాడు. ఆ చప్పుడుకు చెవులు మెల్లమెల్లగా మొద్దుబారి, నాకు ఉద్యోగం వచ్చేసరికి దగ్గరికి వెళ్లి గట్టిగా అరిస్తే తప్ప వినబడకుండా అయ్యాయి. మా ఇంట్లో ఆకాశం గురించి మాట్లాడిన మనిషి లేడు. కోరుట్లలో పెళ్లయింది. ఇబ్రహీంపట్నం మండలంలోని ఒక ఊళ్లో బడి వచ్చింది. రోజూ కోరుట్ల నుంచి బస్సులో కొంతదూరం, ఆటోలో కొంతదూరం. పొద్దున ఎనిమిదిన్నరకు ఇంట్లోంచి బయటపడే మనిషికి తెల్లవారుజాము ఆకాశం ఎలా ఉంటుందో తెలియకపోవడంలో వింత లేదు. తెలియకుండానే పాఠం చెప్పడం మాత్రం వింతే.

పదకొండో ఏడు ఫిబ్రవరిలో ఆ పాఠం చెప్పిన మర్నాడు, ప్రార్థన అయిపోయి పిల్లలు తరగతుల్లోకి వెళ్తుంటే, స్టాఫ్ రూము గుమ్మం దగ్గర ఒక పెద్దమనిషి నిలబడ్డాడు. అరవై దాటి ఉంటాయి. ఎండకు కమిలిన సన్నటి ఒళ్లు. చెట్టును వాటేసుకుని ఎక్కీ ఎక్కీ మోచేతుల లోపలి వైపు, పిక్కల మీద చర్మం నల్లగా, బండగా కాయగాచి ఉంది. భుజానికి మోకు చుట్టుకుని ఉన్నాడు. తాటిచెట్టు ఎక్కేటప్పుడు నడుముకూ చెట్టుకూ కలిపి కట్టుకునే లావుపాటి తాడు అది. ఎనిమిదో తరగతిలో బాగా చదివే ఒక పిల్లకు తాతయ్య, నలభై ఏళ్లుగా ఆ ఊళ్లో కల్లు గీస్తున్నాడు. ఆయన కొడుకు దుబాయ్‌లో ఉంటాడు, ఇంట్లో ఈయనా, కోడలూ, ఆ పిల్లా.

"మేడం, సుక్కల పాఠం చెప్పింది మీరేనా?"

"నేనే కాకా. ఏమైంది?"

"ఏం గాలే. రాత్రి మా మనుమరాలు చదువుతుంటే ఇన్న. సూర్యుని అసొంటి సుక్క ఒకటున్నదట, దక్షిణం దిక్కు కిందికి ఉంటదట, మనకు కనవడదట. గట్లనే చెప్పిన్రా?"

"ఔ, గట్లనే చెప్పిన."

ఆయన కొంచెం సిగ్గుపడ్డట్టు నవ్వాడు. "నాకు రెండు సుక్కలు కనవడ్తయి మరి. దక్షిణం దిక్కే. బాగ కిందికి. పొద్దుగాల ఐదింటికి మొదటి చెట్టు ఎక్కంగనే ఎదురుంగ ఉంటయి. కింద నిలవడితె కనవడయి, చెట్లు అడ్డమొస్తయి. గది ఇదేనా, కాదా, అడుగుదామని అచ్చిన."

నాకు అగస్త్య నక్షత్రం గుర్తుకొచ్చింది. దక్షిణాన మెరిసే పెద్ద నక్షత్రం అదొక్కటే నాకు తెలుసు. "అది వేరే ఉంటది కాకా, దక్షిణాన ఒక పెద్ద నక్షత్రం ఉంటది సూడు, గదేమో" అన్నాను.

"గది నాకు ఎరుకనే. గది రాత్రి బువ్వ తినే యాల్లకు ఉంటది. పొద్దుగాలటికి ఎప్పుడో మునుగుతది. గది వేరు, గివి వేరు." తర్వాత నా మొహం చూసి, "ఊకెనే అడిగిన మేడం. మీరు సదువుకున్నోళ్లు. మీకే ఎరుక" అని వెళ్లిపోయాడు.

ఆ చివరి మాటలో ఎకసెక్కం ఏమీ లేదు. అందుకే అది నాతోనే ఉండిపోయింది. మూడో పీరియడ్ చెబుతున్నా మనసు దాని మీదే ఉంది. బాపు షెడ్డులో నాకు చిన్నప్పుడు ఒక విషయం తెలిసింది. సాంచ చప్పుడు కాస్త మారితే చాలు, ఎక్కడ దారం తెగబోతుందో నడిపేవాడికి ముందే తెలుస్తుంది. గుమ్మంలో నిలబడ్డ షావుకారుకు తెలియదు. నలభై ఏళ్లుగా ఒకే వేళకు ఒకే ఎత్తుకు ఎక్కి ఒకే దిక్కు చూస్తున్న మనిషి చెప్పిన మాటను నేను అర నిమిషంలో కొట్టిపారేశాను.

మధ్యాహ్నం అన్నం తినడం మానేసి కాగితం తీసుకున్నాను. మనం భూమధ్యరేఖకు పందొమ్మిది డిగ్రీలు ఉత్తరాన ఉన్నాం, ఒక పిసరు తక్కువ. ఆ నక్షత్రం ఆ రేఖకు సరిగ్గా పైనుండే ఆకాశం నుంచి దక్షిణానికి అరవై ఒక్క డిగ్రీల దగ్గర ఉంది. తొంభైలోంచి ఈ రెండూ తీసేయాలి. అంతే లెక్క. ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చేస్తారు.

పది మిగిలింది.

మళ్లీ చేశాను. పదే. అంటే ఆ నక్షత్రం మన దక్షిణ దిగంతానికి పది డిగ్రీల పైకి వచ్చి పోతుంది. ఏ వేళకు వస్తుందో కూడా చూశాను. ఫిబ్రవరి నడుమ తెల్లవారుజామున ఐదూ ఐదుంపావుకు సరిగ్గా దక్షిణాన ఉంటుంది. ఆ పెద్దమనిషి చెప్పిన గంట, చెప్పిన దిక్కు. ఇంకెవరినీ అడగాల్సిన పని లేకుండా పోయింది.

చేయి చాచి పిడికిలి బిగిస్తే, ఆ పిడికిలి మందం సుమారు పది డిగ్రీలు. స్టాఫ్ రూము కిటికీ దగ్గర నిలబడి దక్షిణం వైపు చేయి చాచాను. పిడికిలి కింది అంచును నేలకు ఆనించినట్టు పెడితే పై అంచు మంచినీళ్ల ట్యాంకు సగానికి వచ్చింది. ఇంత ఎత్తే. ఒక పిడికిలి. ఇన్నేళ్లూ నేను లేదని చెప్పిన సూర్యుడు ఈ పిడికిలి ఎత్తున రోజూ మా బడి మీదుగా నడిచిపోతున్నాడు. పక్కన తెలుగు టీచరు, "ఏంది మేడం, ఎవల మీద కోపం?" అని నవ్వింది.

మరునాడు ఐదింటికి కోరుట్లలో మా మేడ ఎక్కాను. దక్షిణం వైపు ఫంక్షన్ హాలు, దాని మీద రంగు దీపాలు, ఆ పైన రోడ్డు వెలుతురుతో కలిసిన మంచు. ఏమీ కనిపించలేదు. ఆ తర్వాతి రోజూ అంతే. మూడో రోజు మా ఆయనను బండి తీయమన్నాను.

"తెల్లారకముందు తాటిచెట్ల కాడికి పోదమా? సూసినోళ్లు ఏమనుకుంటరు?" అన్నాడాయన.

"కల్లుకు వచ్చిన్రు అనుకుంటరు. అనుకోనియ్యి."

మేం ఊరి బయట తాటివనం చేరేసరికి ఆ పెద్దమనిషి మొదటి చెట్టు దగ్గర మోకు సరిచేసుకుంటున్నాడు. టార్చి వెలుతురులో నన్ను చూసి బిత్తరపోయాడు. "నువ్వు చెప్పింది నిజమే కాకా. నేనే తప్పు చెప్పిన. నాకు సూపెట్టు" అన్నాను. ఆయన చుట్టూ చూసి, "కిందికెల్లి కనవడది. నేను ఎక్కి సూసి చెప్త. సరేనా?" అన్నాడు.

చీకట్లో ఆయన ఎక్కడం కనబడలేదు, వినబడింది. మోకు చెట్టును రాసుకునే చప్పుడు, ఒక ఊపిరి, మళ్లీ చప్పుడు. ఆ చప్పుడు పైకి పైకి పోయి ఆగింది. నేను తల పూర్తిగా వెనక్కి వాల్చి నిలబడ్డాను.

"కనవడ్డయా కాకా?"

"ఉన్నయి. రెండు."

"పక్కపక్కనేనా? ఏది పెద్దగున్నది?"

"ఎడమ దిక్కుది పెద్దది. కుడి దిక్కుది జర చిన్నది."

నా చేతిలో ముందు రోజు గీసుకున్న పటం ఉంది. ఎడమ వైపుది ఆల్ఫా. కుడి వైపుది దాని పక్కన కనబడే ఇంకో నక్షత్రం.

"రంగులు ఏమన్న తెలుస్తున్నయా?"

ఆయన తొందరపడి చెప్పే మనిషి కాదు. "ఎడమది తెల్లగనే ఉన్నది గని, ఒట్టి తెలుపు గాదు. జర పసుపు కలిసినట్టున్నది. కుడిది గట్ల లేదు. గది నీలం మీదికి పోతది. రెండు ఒక్క తీరు సుక్కలు గావు మేడం."

అది ఎవరూ నేర్పకుండా చెప్పిన మాట. ఎడమ వైపుది సూర్యుడి జాతి, అదే వేడి, అదే రంగు. కుడి వైపుది మరో రకం, మండిపోయే నీలి నక్షత్రం. దగ్గరున్నట్టు కనబడుతుంది కానీ దానికంటే ఎన్నో రెట్లు దూరాన ఉంది. శాస్త్రజ్ఞులు వెలుతురును గాజులోంచి పంపి, విడదీసి తెలుసుకున్న తేడాను ఈయన తాటాకుల మధ్య నిలబడి, ఉత్త కంటితో విడదీశాడు. నేను ఆ నక్షత్రాన్ని అప్పటికింకా చూడలేదు. కానీ పైనున్న మనిషి మాటల్లోంచి అది నా మీదికి దిగినట్టే అనిపించింది.

ఆయన లొట్టి నిండా కల్లుతో కిందికి వచ్చాక చెప్పాను.

"కాకా, నువ్వు చూసిన ఎడమదిక్కు చుక్క సూర్యుడే. మన సూర్యుని జాతిదే. మనదానికంటే కొంచెం పెద్దది. వెలుగు మనదానికి ఒకటిన్నరంత. వయసు కూడా మన సూర్యుని కంటే జర ఎక్కువే ఉండొచ్చంటరు."

"సూర్యుడే?"

"సూర్యుడే. మన సూర్యుని వెలుగు మన దగ్గరికి ఎనిమిది నిమిషాల్ల వస్తది. దాని వెలుగు రావాలంటే నాలుగేండ్లు దాటుతది. నువ్వు ఇప్పుడు చూసిన వెలుగు, నీ మనుమరాలు నాలుగో తరగతిల ఉన్నప్పుడు అక్కడికెల్లి బయలెల్లింది."

ఆయన లొట్టి నేల మీద పెట్టాడు. "గిన్నేండ్లు నేను సూసింది సూర్యుని?"

"ఇంకొకటి. అది ఒక్కటి కాదు. దానికి జోడి ఉన్నది. మన కంటికి రెండూ కలిసి ఒక్కటే లెక్క కనవడ్తయి. రెండోది మన సూర్యుని కంటే చిన్నది, నారింజ రంగుది. రెండూ ఒకదాని చుట్టు ఒకటి తిరుగుతయి. ఒక్క సుట్టు తిరిగి వచ్చేసరికి ఎనభై ఏండ్లు. ఇవి గాక మూడోది ఒకటున్నది, ఎర్రగ, బాగా చిన్నది. అన్నిట్ల అదే మనకు దగ్గర, కానీ కంటికి కనవడది."

తూర్పున కొద్దిగా తెల్లబడుతోంది. ఆయన దక్షిణం వైపు చూశాడు, అక్కడ చెట్లు తప్ప ఏమీ లేకపోయినా. "ఇద్దరు సూర్యులుంటే ఆడ రాత్రి ఎప్పుడైతది మేడం?"

పదకొండేళ్లలో ఏ పిల్లా నన్ను ఆ ప్రశ్న అడగలేదు. "దాని చుట్టు మన భూమి అసొంటిది ఉన్నదో లేదో ఇంకా తేలలేదు కాకా. ఉంటే మాత్రం, ఏడాదిల కొన్ని నెలలు రాత్రే ఉండది. ఒకరు మునిగితే ఇంకొకరు లేస్తరు. రెండో సూర్యుడు దూరం ఉంటడు కాబట్టి వేడి ఉండది గని, మన పున్నమి వెన్నెల కంటే ఎన్నో రెట్లు వెలుగుంటది."

"గంత వెలుగుల కల్లు గీసెటోనికి మంచిగుంటది" అని ఆయన మొదటిసారి గట్టిగా నవ్వాడు. వెళ్తుంటే పిలిచి చెప్పాడు. "మీ కంటితోని సూడాలంటే కాల్వ కట్ట మీదికి పొండ్రి. దక్షిణం దిక్కు అంత పొలాలే. అడ్డం ఏం లేదు."

నేను వెళ్లలేదు. మర్నాడు మంచు కురిసింది. తర్వాత మబ్బు. ఆ తర్వాత పదో తరగతి పరీక్షల పనులు, ఇంట్లో ఒకరికి జ్వరం. కోట్ల ఏళ్లుగా ఉన్న నక్షత్రం ఎక్కడికి పోతుంది, వచ్చే ఏడు చూడొచ్చులే అనుకున్నాను. తరగతిలో మాత్రం బోర్డు ముందు నిలబడి, నేను చెప్పింది తప్పని, ఈ ఊళ్లో కల్లు గీసే ఒక తాత దాన్ని సరిదిద్దాడని చెప్పాను. లెక్క చేసి చూపించాను. ఆయన మనుమరాలు తల వంచుకుంది కానీ చెవులు ఎర్రబడి, నవ్వు ఆపుకోవడం కనబడింది.

జూన్‌లో బడి తెరిచాక ఆ పిల్ల వారం రోజులు రాలేదు. అడిగితే, తాత చెట్టు మీంచి పడ్డాడని, కరీంనగర్ ఆస్పత్రిలో ఉన్నాడని తెలిసింది. తుంటి ఎముక విరిగింది, రాడ్ వేశారు. ప్రాణం దక్కడమే గొప్ప అన్నారు ఊరివాళ్లు.

నాకు ఒకటే భయం పట్టుకుంది. నేను చెప్పిన మాటలు విని, సూర్యుడు సూర్యుడని అటు చూస్తూ పట్టు తప్పాడేమో. జూన్‌లో ఆ నక్షత్రం తెల్లవారుజామున ఉండదని నాకు తెలుసు. అయినా ఆ భయం లెక్కలకు లొంగలేదు. ఆయన ఇంటికి వచ్చాడని తెలిసిన రోజే బడి అయ్యాక వెళ్లాను. వాకిట్లో మంచం మీద పడుకుని ఉన్నాడు. ఎలా అడగాలో తెలియక అడిగేశాను.

"కాకా, నిజం చెప్పు. నువ్వు చుక్కలు సూసుకుంట పడ్డవా?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "పొద్దుగాల పది గంటలకు పడ్డ బిడ్డా. పట్టపగలు సుక్కలేడియి? వాన పడి చెట్టు నానింది. మోకు జారింది. మా నాయిన గూడ గట్లనే పడ్డడు. గీ పని అసొంటిది." అప్పటిదాకా 'మేడం' అన్న మనిషి నన్ను 'బిడ్డా' అనడం అప్పుడే మొదలైంది. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. కోడలు నీళ్లు తెచ్చి ఇచ్చింది.

లేచి వెళ్తుంటే ఆయన మెల్లగా అన్నాడు. "చెట్టెక్కుడు అయిపోయింది ఇగ. దానికేం రంది లేదు, ఎప్పుడో ఒకప్పుడు ఇడిచిపెట్టేదే. గని గా సుక్కను గీ యేడు ఎవలు సూస్తరు?"

"మనమే సూస్తం కాకా. కాల్వ కట్ట మీదికెల్లి. నేను తీస్కపోత."

చలికాలం దాకా ఆయన నడక నేర్చుకున్నాడు. ముందు వాకర్, తర్వాత కర్ర. ఫిబ్రవరి వచ్చేసరికి మా బాపు కూడా సిరిసిల్ల నుంచి మా ఇంటికి వచ్చి ఉన్నాడు. తెల్లవారుజామున ఎక్కడికని ఆయన చేయి ఊపి అడిగాడు. నేను చెవి దగ్గర నోరు పెట్టి, "ఇంకో సూర్యున్ని సూసెతందుకు, బాపూ" అని అరిచాను. తమాషా అనుకున్నాడు. నా మొహం చూశాక, "నేను గూడ అస్త" అని స్వెట్టర్ వేసుకున్నాడు.

ఆటోలో కాలువ దాకా వెళ్లాం. కాకాను, ఆయన మనుమరాలిని దారిలో ఎక్కించుకున్నాం. మా ఆయన ప్లాస్టిక్ కుర్చీ మోసుకుంటూ ముందు నడిచాడు. కట్ట ఎక్కడానికి కాకాకు పది నిమిషాలు పట్టింది. ఒక పక్క నేను, ఒక పక్క మనుమరాలు. నలభై ఏళ్లు రోజూ తాటిచెట్లు ఎక్కి దిగిన మనిషి మట్టికట్ట ఎక్కుతూ రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు. పైకి చేరాక కుర్చీలో కూర్చుని, ఇటూ అటూ చూసి, కర్రతో చూపించాడు. "గదిగో."

నేను చూశాను.

నాటు వేసిన మడుల్లో నీళ్లు మసకగా మెరుస్తున్నాయి. వాటి అవతల దూరంగా నల్లటి గీతలాగా చెట్లు. ఆ గీత మీద, సరిగ్గా ఒక పిడికిలి ఎత్తున, రెండు నక్షత్రాలు. ఎడమ వైపుది పెద్దది. నేలకు దగ్గరగా ఉన్నందువల్ల గాలికి వణుకుతోంది. ఒకసారి ఎర్రగా, మరుక్షణం తెల్లగా, మళ్లీ తన రంగులోకి వస్తోంది. నేను పుస్తకాల్లో చదివినవన్నీ ఆ ఒక్క చుక్కలో ఉన్నాయి. అయిదున్నర వేల డిగ్రీల వేడి, మన సూర్యుడిని పక్కన పెడితే పావువంతు దాకా పెద్దదిగా కనబడే గోళం, కంటికి తెలియకుండా దాని పక్కనే తిరిగే జోడీ. నాలుగేళ్లు దాటి ప్రయాణం చేసి, దారిలో దేనికీ తగలకుండా వచ్చిన ఆ వెలుతురు మా ఊరి కాలువ కట్ట మీద నిలబడ్డ నా కంట్లో ఆగింది. అక్కడెక్కడో అది పగలు. మండే పగలు. ఇక్కడ నాకు సూది మొనంత. అంత పెద్దది అంత చిన్నగా కనబడాలంటే మధ్యలో ఎంత ఖాళీ ఉండాలో అప్పుడు, మొదటిసారి, అంకెలతో కాకుండా ఒంటితో తెలిసింది. కుర్చీ వెనక భాగం పట్టుకున్నాను.

బాపుకు దొరకలేదు. "ఏది? ఏడ?" అంటున్నాడు. నేను చెవిలో అరవబోయాను. కాకా నన్ను ఆపి, బాపు చేయి మణికట్టు దగ్గర పట్టుకుని, తన చేతితో పాటు చాచి, వేలిని మెల్లగా కిందికి దించి, ఎడమకు జరిపి ఆపాడు. ఇద్దరి చేతులూ అలాగే చాచి ఉన్నాయి. బాపు పెదాలు కదిలాయి.

"కోర రంగు" అన్నాడు.

కాకాకు అర్థం కాలేదు. బాపు తన మామూలు గట్టి గొంతుతో చెప్పాడు. "సాంచ మీదికెల్లి దిగిన బట్ట అన్నా. తెల్లగ చేయకముందు ఉంటది సూడు. తెలుపే గని తెలుపు గాదు. కోర బట్ట. గా రంగు."

కాకా కర్రను నేలకేసి కొట్టాడు. "గదే! గదే రంగు! గిన్నేండ్ల సంది నాకు మాట దొర్కలే."

బాపుకు ఆ మాట వినబడి ఉండదు. కానీ తలూపాడు. ముప్ఫై ఏళ్లు బట్ట తప్ప ఏమీ చూడని ఆయన, ఆకాశంలో మొదటిసారి చూసిన నక్షత్రం రంగును ఒక్క మాటలో తేల్చేశాడు. సూర్యుడి రంగు ఏమిటని పిల్లలు అడిగితే నేను ఇప్పుడు ఆ మాటే చెబుతున్నాను.

మనుమరాలు అడిగింది. "మేడం, అక్కడి నుంచి చూస్తే మనం కనబడతామా?"

"మనం కనబడం. మన భూమీ కంటికి కనబడదు. సూర్యుడు కనబడతాడు. ఉత్తరాన ఎమ్ అక్షరంలాగా అయిదు నక్షత్రాలు ఉంటాయి కదా, ఆ గుంపులో ఆరో నక్షత్రంగా. ఇప్పుడు ఆ చోటు మన వీపు వెనక నేల కింద ఉంది. ఇది దక్షిణాన ఎంత పైకి ఉందో, అది ఉత్తరాన అంత కిందికి."

కాకా కుర్చీలోనే మెడ తిప్పి ఉత్తరం వైపు నేలను చూశాడు. తర్వాత దక్షిణం చూశాడు. "అంటే గా సూర్యుని కాడ ఎవలన్న ఉంటే, ఆళ్లకు మన సూర్యుడు గూడ ఒక సుక్కనే."

"ఔ కాకా."

"ఆళ్లల్ల ఎవలో ఒకలు చెట్టెక్కి సూస్తుండొచ్చు."

తూర్పు తెల్లబడింది. కుడి వైపు నీలి నక్షత్రం ముందు పలచబడింది, ఆ తర్వాత ఎడమ వైపుది. అది ఎప్పుడు పోయిందో ఎవరమూ చెప్పలేకపోయాం. ఉన్న చోటనే ఉంటూ కనబడకుండా పోయింది. పనికి వచ్చే ఆడవాళ్లు కట్ట కింది బాట మీద వెళ్తూ, కుర్చీలో కాకాను చూసి, "ఏంది పెద్దనాయినా, ఈడ కూసున్నవ్?" అని పలకరించారు. "పనున్నది, అచ్చిన" అన్నాడాయన.

మేం కట్ట దిగి ఆటోలో వెళ్లే దారిలో ఒక కల్లంలో పసుపు ఉడకబెడుతున్నారు. పెద్ద డ్రమ్ముల్లోంచి ఆవిరి లేచి బాట మీదికి వస్తోంది. అప్పుడే పొద్దు పొడిచింది. ఆవిరంతా ఒక్కసారిగా బంగారు రంగుకు మారింది. మా ఆయన ఆటో ఆపించాడు, టీ దొరుకుతుందేమోనని. బాపు కిందికి దిగి, ఆరబోసిన పసుపు కొమ్ముల పక్కన నిలబడి, రెండు అరచేతులూ ఎండకు చాపాడు. కళ్లు మూసుకున్నాడు. కాకా ఆటోలోంచే చేయి బయటికి పెట్టాడు. నేనూ పెట్టాను. ఎనిమిది నిమిషాల కింద బయల్దేరిన వేడి, ఇంకా పచ్చిగా, అరచేతికి తగిలింది.